బొగ్గు బావిలో గ్యాస్: గాలి లెక్క దగ్గర్నుంచి గాలరీ ఖాళీ చేసేదాకా

వంటింట్లో సిలిండర్ లీకైతే కంపు కొడుతుంది. ఆ కంపు కావాలని కలిపింది. బొగ్గులోంచి వచ్చే మీథేన్‌లో ఎవరూ ఏమీ కలపరు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కొత్తగా బావిలోకి దిగిన కుర్రాళ్లు మాత్రం ఫేస్ (బొగ్గు తవ్వే గోడ) దగ్గర నిలబడి ముక్కు ఎగబీలుస్తూ "ఏం లేదన్నా" అంటుంటారు. ముక్కుకు తెలిసేదైతే ఇంత రాయాల్సిన పనే లేదు.

ఇది కొత్తగా సర్దార్, ఓవర్‌మన్ (గనిలో షిఫ్టు పని చూసే పర్యవేక్షకులు) పరీక్షలకు చదువుతున్నవాళ్ల కోసం, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ చేతికొచ్చినా బెరుకు తీరనివాళ్ల కోసం రాస్తున్నాను. కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా మన గోదావరి లోయ గనుల పద్ధతినే మనసులో పెట్టుకున్నాను, అంటే బొగ్గు స్తంభాలు (పిల్లర్లు) వదిలి మధ్యలో దారులు (గాలరీలు) తవ్వుకుపోయే బోర్డ్ అండ్ పిల్లర్ పని. నా లెక్కలో గ్యాస్ పని అంటే ముక్కాలు వంతు గాలి పనే. మీటరు తర్వాత వస్తుంది.

ముందు శత్రువు కొలతలు

గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే, నిప్పు తగిలినప్పుడు పేలుతుంది. అన్నిటికంటే భయంకరంగా పేలేది 9.5 శాతం దగ్గర. 5 లోపు ఉంటే పేలదు గానీ దీపం మంట చుట్టూ నీలంగా మండుతుంది. 15 దాటితే పేలదని పుస్తకంలో ఉంటుంది, నిజమే. కానీ ఆ గాలరీలోకి కాస్త తాజా గాలి తోలారంటే 20 శాతం ఉన్నది 12కు దిగుతుంది. పలచబడే ప్రతి చిక్కటి గ్యాసూ దారిలో ఆ ప్రమాదపు మెట్టు మీదుగా నడవాల్సిందే. ఈ ఒక్క మాట గుర్తుంటే, కింద గాలరీ ఖాళీ చేసే భాగం సులువుగా అర్థమవుతుంది.

దీని బరువు గాలి బరువులో సగానికి కాస్త ఎక్కువ, సుమారు 0.55 వంతు. అందుకే పైకప్పుకు ఎగబాకుతుంది. పైకి వాలున్న రైజ్ గాలరీల చివర, కప్పు రాలి పైన గుల్లపడిన చోట గూడు కట్టుకుంటుంది. డిప్ వైపు, అంటే కిందికి వాలున్న వైపు, గుంటల్లో చేరేది వేరే, అది ఆక్సిజన్ తక్కువైన బ్లాక్‌డ్యాంప్. పేలదు, ఊపిరి మాత్రం తీస్తుంది.

మొదటి పని: మీ గని తరగతి తెలుసుకోండి

మన దేశంలో బొగ్గు పొరలను గ్యాస్‌ను బట్టి మూడు తరగతులు చేశారు. సాధారణ గాలిలో మీథేన్ 0.1 శాతం దాటకుండా, టన్ను బొగ్గుకు ఒక క్యూబిక్ మీటరు మించకుండా వస్తే మొదటి తరగతి. టన్నుకు 1 నుంచి 10 దాకా అయితే రెండోది. 10 దాటితే మూడోది. ఝరియాలోని మూనిడీలాంటి గనులు మూడోదానిలోకి వస్తాయి.

మనవైపు చాలా గనులు మొదటి తరగతే. నన్నడిగితే అసలు చిక్కంతా అక్కడే ఉంది. మూడో తరగతి గనిలో పనిచేసేవాడు దేవుడి గదిలోకి వెళ్లినట్టు ఒళ్లు దగ్గర పెట్టుకుని వెళతాడు. మొదటి తరగతిలో పనిచేసేవాడు "మన బావిలో గ్యాసెక్కడిది" అంటాడు. తరగతి అనేది పొర మొత్తానికి తీసిన లెక్క. గాలి ఆగిపోయిన ఒక గాలరీకి, ఆదివారం సెలవు తర్వాత తెల్లవారిన సోమవారానికి ఆ లెక్క వర్తించదు. టన్నుకు అర క్యూబిక్ మీటరే వచ్చినా, అది పోయే దారి లేకపోతే పోగవుతూనే ఉంటుంది.

రెండో పని: గాలి ఎంత కావాలో కాగితం మీద వేయండి

నిబంధన సూటిగా ఉంది. ప్రతి వెంటిలేషన్ డిస్ట్రిక్ట్‌లో (ఒకే గాలి పాయ తిరిగే గని భాగంలో) పెద్ద షిఫ్టులో ఉన్న ఒక్కో మనిషికి నిమిషానికి 6 క్యూబిక్ మీటర్లు, లేదా రోజుకు తీసే ఒక్కో టన్నుకు నిమిషానికి 2.5 క్యూబిక్ మీటర్లు. రెండింట్లో ఏది పెద్దదైతే అది.

ఒక ప్యానెల్‌లో షిఫ్టుకు 60 మంది, రోజుకు 400 టన్నులు అనుకుందాం. మనుషుల లెక్కన 360, బొగ్గు లెక్కన 1000. అంటే నిమిషానికి 1000 క్యూబిక్ మీటర్లు చేర్చాలి. ఇప్పుడు గ్యాస్ వైపు నుంచి చూడండి. టన్నుకు 4 క్యూబిక్ మీటర్లు వస్తుందనుకుంటే రోజుకు 1600, నిమిషానికి 1.1. దాన్ని 1000లో కలిపితే 0.11 శాతం. రిటర్న్‌లో, అంటే వాడిన గాలి బయటికి పోయే దారిలో, ఉండదగ్గ హద్దు 0.75 శాతం కదా, ఇంకేం భయం అనిపిస్తుంది.

అనిపించాలి కూడా, కాగితం మీద. కాగితం మీది ఆ వెయ్యి ఫేస్ దాకా వస్తుందా అన్నదే ప్రశ్న.

మూడో పని: ఆ గాలిని ఫేస్ దాకా తీసుకెళ్లండి

పెద్ద ఫ్యాన్ దగ్గర ఎంత గాలి లాగుతోందో గర్వంగా చెప్పే మేనేజర్లను చూశాను. ఆ గాలి సగం దారిలోనే స్టాపింగ్‌ల (గాలిని ఆపే అడ్డుగోడల) పగుళ్లలోంచి, మూయని తలుపుల్లోంచి, మరిచిపోయిన పాత గాలరీల్లోంచి అడ్డదారిన రిటర్న్‌లో పడిపోతుంది. పొలంలో చివరి మడికి నీళ్లందని కథే ఇది. కాలువలో నీళ్లు చూసి సంతోషపడితే చివరి మడి ఎండుతుంది.

కాబట్టి గాలి వేగం కొలిచే అనిమోమీటరు పట్టుకుని చివరి మడి దగ్గర కొలవండి. గాలరీ వెడల్పు 4.2 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అయితే అడ్డకోత 12.6 చదరపు మీటర్లు. గాలి వేగం నిమిషానికి 40 మీటర్లు వస్తే 504 క్యూబిక్ మీటర్లు. ఇన్‌టేక్ (తాజా గాలి వచ్చే దారి) మొదట్లో ఒకసారి, చివరి క్రాస్‌కట్ (రెండు గాలరీలను కలిపే అడ్డదారి) దాటాక ఒకసారి కొలవండి. తేడా ఎంతో అదంతా మీ స్టాపింగ్‌లు మింగుతున్నది.

చివరి క్రాస్‌కట్ నుంచి ఫేస్ వరకు గాలిని మళ్లించే బ్రాటీస్ గుడ్డే దిక్కు, లేదా గొట్టంతో ఆగ్జిలరీ ఫ్యాన్. గుడ్డ అంచు గానీ గొట్టం మూతి గానీ ఫేస్‌కు నాలుగున్నర మీటర్లకు మించి దూరం ఉండకూడదు. ఫేస్ ముందుకు జరిగిన ప్రతిసారీ ఇదీ జరగాలి.

ఒకసారి నేను పనిచేసిన చోట రాత్రి షిఫ్టులో ఫేస్ దగ్గర గాలి చచ్చిపోయినట్టు ఉంది. గుడ్డ పొడవునా నడుచుకుంటూ వచ్చాను. మధ్యలో రెండు బారల గుడ్డ లేదు. పక్క గాలరీలో ఒకాయన దాన్నే పరుచుకుని, ఇంకో ముక్క తలకింద చుట్టుకుని హాయిగా పడుకున్నాడు. లేపితే "తడి నేల మీద నడుం పట్టేస్తుంది తమ్మీ" అన్నాడు. కోపం రాలేదు, ఆయన నడుం సంగతి నాకూ తెలుసు. కానీ ఆ రెండు బారల ఖాళీతో అవతల ఆరుగురికి అందాల్సిన గాలి ఇక్కడే తిరిగి వెళ్లిపోతోంది. అప్పట్నుంచి గ్యాస్ చూడటానికి వెళ్తే ముందు గుడ్డను చూస్తాను.

ఆగ్జిలరీ ఫ్యాన్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. దాన్ని తాజా గాలి వచ్చే వైపు, మలుపుకు బాగా వెనక ఉంచండి. లేకపోతే గాలరీలోంచి బయటికొచ్చిన మురికి గాలినే మళ్లీ లాగి లోపలికి తోస్తుంది. చేత్తో కాస్త బొగ్గుపొడి మలుపు దగ్గర వదిలి చూడండి. ఫ్యాన్ వైపు వెనక్కి పోతుంటే స్థానం తప్పు.

నాలుగో పని: పరీక్ష

గ్యాస్ పరీక్ష అంటే గాలరీ మధ్యలో నిలబడి ఛాతీ ఎత్తున మీటరు చూసుకోవడం కాదు. పైకప్పుకు జానెడు దూరం దాకా తీసుకెళ్లాలి. అందని చోటికి పొడుగు కర్రకు ప్రోబ్ కట్టుకోవాలి. కప్పు గుల్లపడిన చోట, ఫేస్ మూలల్లో, గోఫ్ (బొగ్గు తీసేసి వదిలిన ఖాళీ) అంచున, కేబుల్ పెట్టె పైన, స్టాపింగ్ పగుళ్ల దగ్గర చూడాలి. షిఫ్టు మొదలయ్యేముందు ఒకసారి, పని జరుగుతుండగా మళ్లీ, గాలి ఏ కారణంగా ఆగినా మళ్లీ.

సేఫ్టీ ల్యాంప్ గురించి రెండు మాటలు. 1815లో హంఫ్రీ డేవీ చూపిన సూత్రం మీదే ఇప్పటికీ నడుస్తోంది. మంట చుట్టూ సన్నటి తీగ జల్లెడ, చదరపు అంగుళానికి 784 కన్నాలు. ఆ జల్లెడ వేడిని లాగేయడంతో లోపలి మంట బయటి గ్యాస్‌ను అంటించదు. వత్తి బాగా తగ్గించి, మెల్లగా పైకెత్తితే మంట మీద లేత నీలి టోపీ కనిపిస్తుంది. శాతం పెరిగేకొద్దీ టోపీ ఎత్తు పెరుగుతుంది. చీకటికి కళ్లు అలవాటుపడకుండా క్యాప్ ల్యాంప్ వెలుగులో చూస్తే ఏమీ కనిపించదు. ల్యాంప్ నిండా మంట లేచిందంటే గబుక్కున కిందికి లాగొద్దు, ఊదొద్దు, పరుగెత్తొద్దు. మెల్లగా దించి, మంట ఆర్పి, తాజా గాలిలోకి నడవండి. కంగారుగా ఊపితే మంట జల్లెడ దాటుతుంది. ల్యాంప్ మరో మేలు కూడా చేస్తుంది. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోతే ఆరిపోయి మిమ్మల్ని వెనక్కి పొమ్మంటుంది. ఆ పని మీథేన్ మీటరు ఒక్కటే చేయలేదు.

మీటర్లలో ఎక్కువగా వాడేవి లోపల గ్యాస్‌ను కాస్త మండించి ఆ వేడిని కొలిచే రకం. మండాలంటే ఆక్సిజన్ కావాలి. అందుకే చిక్కటి గ్యాస్‌లో పెడితే అంకె పైకి లేచి, మళ్లీ కిందికి పడి, ఏమీ లేనట్టు తక్కువ చూపించవచ్చు. అంకె ఒక్కసారి ఎగిరి పడిందంటే "తగ్గింది" అనుకోకండి, మీరు గ్యాస్ మడుగులో నిలబడి ఉన్నారేమో చూసుకోండి. సిలికాన్ ఉన్న నూనెలు, స్ప్రేలు తగిలినా ఈ సెన్సర్ మొద్దుబారిపోతుంది. తెలిసిన గ్యాస్‌తో సరిచూడని మీటరు మెళ్లో వేసుకున్న బొమ్మతో సమానం.

హద్దులు ఇవీ: గనిలో ఎక్కడైనా 1.25 శాతం, డిస్ట్రిక్ట్ రిటర్న్‌లో 0.75. 1.25 తగిలిందంటే అక్కడ కరెంటు తీసేయాలి, మనుషుల్ని వెనక్కి పంపాలి. అమెరికాలో ఇంకా ముందే మేలుకుంటారు: ఒక శాతానికి కరెంటు బంద్, ఒకటిన్నరకు మనుషులు బయటికి. నేనైతే 0.8 చూస్తేనే గాలి ఎక్కడ పోతోందో వెతకడం మొదలుపెడతాను.

చూసింది రాయండి. రాసింది పైవాడు చదవాలి. న్యూజిలాండ్‌లోని పైక్ రివర్ గనిలో 2010 నవంబర్ 19న పేలుడు జరిగి 29 మంది చనిపోయారు. దానికి ముందు 48 రోజుల్లో మీథేన్ పేలే స్థాయికి చేరినట్టు 21 సార్లు కాగితాల్లో ఉందని విచారణ కమిషన్ తేల్చింది. కింద పనిచేసినవాళ్లు రాస్తూనే ఉన్నారు.

ఐదో పని: నిప్పు అనేదే లేకుండా చూడటం

బావి మూతి దగ్గర జేబులు తడిమేటప్పుడు చాలామంది నొచ్చుకుంటారు. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్, బ్యాటరీ వాచీ ఏదీ కిందికి పోకూడదు. మేనేజరు జేబులు కూడా తడమండి, అప్పుడు ఎవరూ నొచ్చుకోరు.

కింద వాడే మోటార్లు, స్విచ్‌లు ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెల్లో ఉంటాయి. ఆ పెట్టెలోకి గ్యాస్ చొరబడదని చాలామంది అనుకుంటారు. చొరబడుతుంది, లోపల పేలనూ పేలుతుంది. ఆ మంట ఫ్లాంజ్‌ల (పెట్టె, మూత కలిసే అంచుల) సన్నటి సందులోంచి బయటికొచ్చేసరికి చల్లారిపోవాలి, పెట్టె చేసేది అదే. కాబట్టి ఒక్క బోల్టు తక్కువున్నా, ఫ్లాంజ్ మధ్య రవ్వంత మట్టి ఇరుక్కుని సందు పెరిగినా అది మామూలు డబ్బా. "పది బోల్టుల్లో తొమ్మిదున్నాయి కదా" అనే ఎలక్ట్రీషియన్‌తో వాదించకండి. కరెంటు తీయించి పదోది పెట్టించండి. తుప్పు పట్టిన ఇనుము మీద అల్యూమినియం రాసుకుంటే వచ్చే రవ్వ చాలా వేడిది. ఆ లోహపు సామాను కిందికి రానివ్వకపోవడం మేలు.

ఆరో పని: బ్లాస్టింగ్

బొగ్గులో వాడేవి అనుమతించిన పేలుడు మందులే, వాటి మంట తక్కువ ఉష్ణంతో, కొద్ది సేపే ఉండేలా చేసినవి. పొరను కోయకుండా నేరుగా పేల్చే చోట పి-5 రకం. మందు కూరే ముందు, మళ్లీ పేల్చే ముందు చుట్టూ 20 మీటర్ల దాకా గ్యాస్ చూడాలి. ఉంటే ఆ పూట బ్లాస్టింగ్ లేదు. రంధ్రం మూతికి ఇసుక, బంకమట్టి కలిపిన ఉండలతో గట్టిగా స్టెమింగ్ పెట్టండి. బొగ్గుపొడితో కూరేవాళ్లను చూస్తే మాత్రం అక్కడే ఆపేయండి. పని తొందరలో అది తుపాకీకి మందుతో పాటు మరింత మందు పెట్టినట్టే.

గోడల మీది నల్లపొడి

గ్యాస్ పేలుడు చిన్నదైనా సరే, అది నేల మీది, కమ్మీల మీది బొగ్గుపొడిని లేపుతుంది. క్యూబిక్ మీటరు గాలిలో 50 గ్రాముల చుట్టూ పొడి తేలితే చాలు, అదీ పేలుతుంది. ఆ పేలుడు ముందున్న పొడిని లేపుతుంది, అలా గాలరీ వెంట పరుగెడుతుంది. ఫ్రాన్స్‌లోని కురియేర్‌లో 1906 మార్చి 10న 1,099 మందిని మింగింది ఈ పొడే. మన దేశంలో 1965 మే 28న ధోరీ గనిలో 268 మంది పోయారు. కాబట్టి నీళ్లు చల్లండి, పోగైన పొడి తీసేయండి, గోడల మీద సున్నపురాయి పొడి చల్లండి. వేలితో కమ్మీ మీద గీత గీసి నల్లగా వస్తే చల్లే రోజు దాటిపోయిందని అర్థం.

గాలి ఆగిన గాలరీని ఖాళీ చేయడం

తొందరపడి మనుషులు పోయేది ఎక్కువగా ఈ పనిలోనే. ఫ్యాన్ ఆగి, గాలరీలో గ్యాస్ నిండింది. మళ్లీ ఫ్యాన్ వేస్తే పోతుంది కదా? పోతుంది. ఎటు పోతుందన్నది చూడాలి.

లెక్క వేద్దాం. 60 మీటర్ల గాలరీ, అడ్డకోత 12.6. లోపల 756 క్యూబిక్ మీటర్ల గాలి. సగటున 6 శాతం గ్యాస్ అంటే 45 క్యూబిక్ మీటర్ల మీథేన్. బయటి దారిలో నిమిషానికి 600 గాలి నడుస్తోంది. ఫ్యాన్ నిమిషానికి 200 తోసేది. మొత్తం జోరుతో వేశారనుకోండి, నిమిషానికి 12 క్యూబిక్ మీటర్ల మీథేన్ బయటికొచ్చి 600లో కలుస్తుంది. రిటర్న్‌లో 2 శాతం. అటువైపు ఏ స్విచ్ ఆన్‌లో ఉన్నా, ఎవరు పనిచేస్తున్నా వాళ్ల మీదుగా వెళుతుంది. అదే పావు జోరుతో తోస్తే 3 క్యూబిక్ మీటర్లు, అర శాతం. హద్దులోనే ఉంటుంది.

చేయాల్సిన వరస ఇది. ముందుగా ఆ గాలరీకి అడ్డంగా కంచె కట్టి, ఎవరూ పోకుండా మనిషిని కాపలా పెట్టండి. మేనేజరుకు, వెంటిలేషన్ ఆఫీసరుకు చెప్పండి, వాళ్లు లేకుండా మొదలుపెట్టకండి. రిటర్న్ వైపు ఉన్న అందరినీ బయటికి పంపి, ఆ వైపు కరెంటు తీసి, స్విచ్‌కు తాళం వేయండి. ఫ్యాన్ దగ్గర గ్యాస్ లేదని చూసుకోండి. గొట్టంలో ఫ్యాన్‌కు దగ్గరున్న ఒక అతుకు వదులు చేయండి. అప్పుడు గాలిలో చాలా భాగం అక్కడే బయటికి పోయి, కొద్దిగానే లోపలికి వెళుతుంది. ఫ్యాన్ వేయండి. గాలరీ గాలి దారిలో కలిసే చోటుకు దిగువన మీటరుతో ఒకరు నిలబడి అంకెలు చెబుతుండాలి. అంకె 0.75 దాటబోతోంటే అతుకు ఇంకాస్త తెరవండి, తగ్గితే కాస్త మూయండి. నీళ్ల పంపు కొళాయి తిప్పినట్టే. అతుకు పూర్తిగా మూసినా రిటర్న్ శాంతంగా ఉందంటే, అప్పుడు గుడ్డతోనో గొట్టంతోనో ముందుకు జరుగుతూ, ప్రతి కొన్ని అడుగులకూ పైకప్పు చూసుకుంటూ ఫేస్ దాకా వెళ్లండి. లోపల గూడు మిగిలిందేమో చూడకుండా కంచె తీయకండి.

రెండు గంటలు పట్టవచ్చు. పట్టనివ్వండి. ఆ రెండు గంటల ఉత్పత్తి పోయిందని అడిగే అధికారి ఉంటే, పై లెక్క వేసి చూపించండి.

గోఫ్, మూసిన పాత పనులు, వాయుగుండం

బంగాళాఖాతంలో వాయుగుండం అంటే రైతు వాన కోసం చూస్తాడు, మత్స్యకారుడు ఒడ్డుకు వస్తాడు. గనిలో వెంటిలేషన్ ఆఫీసరు బారోమీటరు చూడాలి. బయటి పీడనం 1010 మిల్లీబార్ల నుంచి 1000కి పడిందంటే సుమారు ఒక శాతం తగ్గినట్టు. మూసిన పాత పనుల్లో లక్ష క్యూబిక్ మీటర్ల ఖాళీ ఉంటే, అది సుమారు 1000 క్యూబిక్ మీటర్ల గాలిని, అందులోని గ్యాస్‌తో సహా, స్టాపింగ్ పగుళ్లలోంచి బయటికి ఊదుతుంది. ఆ రోజుల్లో స్టాపింగ్‌ల బయట, గోఫ్ అంచున రెట్టింపు పరీక్షలు పెట్టండి.

మన బొగ్గుకు తనంతట తానే వేడెక్కే గుణం ఉంది. గోఫ్‌లో వేడి మొదలైందా లేదా అన్నది కార్బన్ మోనాక్సైడ్ చెబుతుంది. తగ్గిన ఆక్సిజన్‌కు పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌కు మధ్య నిష్పత్తిని గ్రాహమ్ నిష్పత్తి అంటారు. అది అర శాతం దాటితే కన్నేసి ఉంచాలి, 1 దగ్గరైతే వేడి ఉన్నట్టే, 3 దాటితే మంట ఉన్నట్టు. ఒక్క రోజు అంకె కంటే వారం రోజుల వరస ముఖ్యం.

మంట ఉన్న చోటును మూసేటప్పుడు మరో మలుపు ఉంది. స్టాపింగ్ మూయగానే లోపల మీథేన్ పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ 12 శాతం లోపుకు వస్తే మీథేన్ పేలదు, కానీ అక్కడికి చేరేలోపు పేలే మెట్టు మీదుగా వెళుతుంది. అందుకే మూయడం అయ్యాక ఎవరినీ కింద ఉంచకుండా పైకి తీసుకురావాలి. నైట్రోజన్ తోసే ఏర్పాటుంటే ఆ గడ్డుకాలం తగ్గుతుంది.

బొగ్గు లేని చోట కూడా

సొరంగాలు తవ్వేవాళ్లు దీన్ని తమది కాని సంగతి అనుకోవద్దు. 1971 జూన్‌లో కాలిఫోర్నియాలోని సిల్మార్ దగ్గర నీటి సొరంగం తవ్వుతుంటే గ్యాస్ పేలి 17 మంది పోయారు. ఇంగ్లండ్‌లోని అబీస్టెడ్‌లో 1984 మేలో, అప్పటికే తవ్వడం పూర్తయిన నీటి సొరంగంలో చేరిన మీథేన్ పేలి, వాల్వ్‌హౌస్ చూడటానికి వచ్చినవాళ్లతో కలిపి 16 మంది చనిపోయారు. నీటిలో కరిగి కూడా మీథేన్ నడిచి వస్తుంది.

బయటికి రావాల్సి వస్తే

పేలుడు తర్వాత మంటకంటే ఎక్కువమందిని చంపేది కార్బన్ మోనాక్సైడ్. పెద్ద గాలి దెబ్బ తగిలినా, చెవులు గుయ్యిమన్నా, గాలి ఒక్కసారి వెనక్కి తిరిగినా ముందు సెల్ఫ్ రెస్క్యూయర్ (నడుముకు కట్టుకునే ఊపిరి పరికరం) నోట్లో పెట్టుకోండి, తర్వాత ఏం జరిగిందని అడగండి. వడపోత రకం కార్బన్ మోనాక్సైడ్‌ను మార్చగలదు గానీ ఆక్సిజన్ ఇవ్వలేదు. మీ నడుముకు ఉన్నది ఏ రకమో ఈ రోజే చూసుకోండి. పీల్చే గాలి వేడిగా వస్తుంది, అంటే అది పనిచేస్తోందని అర్థం. వేడిగా ఉందని తీసేసినవాళ్లు ఉన్నారు.

ఇన్‌టేక్ దారిన, గోడ పట్టుకుని, ఒకరి వెనక ఒకరు. కన్వేయర్ బెల్టు వెంబడి వెళ్తే దారి తప్పరు. పైకొచ్చాక తిన్నగా ఇంటికి పోకండి, ల్యాంప్ గదికి వెళ్లి మీ క్యాప్ ల్యాంప్ మీ నంబరు మీదే పెట్టండి. రెస్క్యూ వాళ్లు వచ్చి ముందు చూసేది ఆ అరల్నే. ఎన్ని ఖాళీగా ఉంటే అంతమంది కోసం దిగుతారు.